అయోర్టాకి కొమ్మలు మూడే: నాలుగోది ఎదురైతే తప్పుకునే మార్గాలు

గుండె ఎడమ జఠరిక నుంచి బయల్దేరిన అయోర్టా కాస్త పైకి లేచి, ఎడమకీ వెనక్కీ వంగి, వెన్నుపూసల పక్కనుంచి కిందికి దిగిపోతుంది. ఆ వంపు మీద మూడు కొమ్మలు. కుడివైపు నుంచి చెబితే బ్రాకియోసెఫాలిక్, ఎడమ కెరోటిడ్, ఎడమ సబ్‌క్లేవియన్. మొదటిది కొంచెం పైకెళ్లి కుడి చేతికొకటి, తలకొకటిగా చీలుతుంది. ఇంతే పాఠం. ఎర్ర స్కెచ్‌పెన్నుతో మూడు గీతలు గీస్తే రికార్డు పూర్తయినట్టే.

నూటికి 70, 80 మంది ఛాతీల్లో నిజంగానే ఇలా ఉంటుంది. మిగిలినవాళ్లు పుస్తకం చదవకుండా పుట్టారు. వాళ్ల కోసం మీరు నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఫస్టియర్ డిసెక్షన్ హాలు మొదలు సొంత నర్సింగ్‌హోమ్ దాకా వాళ్లని చూడకుండానే నెట్టుకొచ్చే ఉపాయాలు కింద ఇస్తున్నాం. వరసగా పాటించండి. ఒకటి మానేసినా మిగతావి ఫలించవు, ఎందుకంటే ఒకరు చూడనిది ఇంకొకరు చూసేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

1. ముందు లెక్క చెప్పండి, తర్వాత కోయండి.

డిసెక్షన్ టేబుల్ చుట్టూ మీ బ్యాచ్ అంతా మూగి ఉంటుంది. ఫార్మలిన్‌కి కళ్లు మండుతుంటాయి. ఇలాంటప్పుడు ఫోర్సెప్స్‌తో కొవ్వు ఒక్కొక్క పోగూ తీస్తూ కూర్చునేవాడు వెర్రివాడు. ‘కొమ్మలు మూడు’ అని ముందే రాసుకుని, మూడు కనబడేదాకా శుభ్రం చేసి ఆపెయ్యండి. ఎడమ కెరోటిడ్‌కీ ఎడమ సబ్‌క్లేవియన్‌కీ నడుమ సన్నటిది ఇంకోటి లేచి ఉంటే అది ఎడమ వెర్టిబ్రల్ ధమని. మామూలుగా సబ్‌క్లేవియన్ లోంచి పుట్టాల్సింది నూటికి నలుగురైదుగురిలో నేరుగా అయోర్టా మీంచే లేస్తుంది. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్లేది అదే. మీరు మాత్రం కొవ్వు అనుకుని పీకి బకెట్లో వెయ్యండి. లెక్క సరిపోతుంది.

మూడుకి బదులు రెండే కనిపిస్తే అసలు భయం వద్దు. ఎడమ కెరోటిడ్ కూడా మొదటి కొమ్మతో కలిసి పుట్టిందన్నమాట. అన్నిటికన్నా తరచుగా కనిపించే తేడా ఇదే, నూటికి పదిమంది పైచిలుకే. ‘బోవైన్ ఆర్చ్ సార్’ అనెయ్యండి. ఆవుకి ఒకటే మొద్దు లేచి అందులోంచే అన్నీ చీలతాయనీ, మనిషిలో కనబడేది అది కాదనీ వాదించే రేడియాలజిస్టులున్నారు. వాళ్లు పాడి చేసినవాళ్లు కాదు, పట్టించుకోకండి.

2. తప్పు శవానిదే అనండి.

“ఏరా, ఇదేం వెస్సెల్?”

“కెడావర్ పాతది సార్. సీనియర్స్ ముందే కోసేశారు సార్.”

ఈ ఒక్క జవాబుతో మొదటి సంవత్సరం గట్టెక్కినవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. శవం ఎదురు చెప్పదు, సీనియర్లు అక్కడ ఉండరు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఇంకా గుచ్చితే ‘నార్మల్ వేరియంట్ సార్’ అనండి. రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేసుకున్నా వినడానికి చదువుకున్నట్టే ఉంటుంది.

3. పిండశాస్త్రం చాప్టర్ని పిన్ను కొట్టి మూసెయ్యండి.

పిండం మెడలో జతలు జతలుగా ఆరు వంపు ధమనులు వచ్చి పోతాయట. అయిదోది వచ్చినట్టే వచ్చి మాయమవుతుందట. మూడోది కెరోటిడ్‌లకి, నాలుగోది ఎడమవైపు అయోర్టా వంపుకి, కుడివైపు సబ్‌క్లేవియన్ మొదలుకి. ఇది చదివితే నష్టమే ఎక్కువ. కుడివైపు నాలుగో వంపు ఉండాల్సింది పోయి, పోవాల్సిన వెనక ముక్క మిగిలిపోతే కుడి సబ్‌క్లేవియన్ అయోర్టా వంపు చివర్న, అంటే ఎడమ సబ్‌క్లేవియన్ కూడా దాటాక పుట్టి, అన్నవాహిక వెనకనుంచి అడ్డంగా కుడి చేతికి వెళ్తుందని అర్థమైపోతుంది. ఒకసారి అర్థమైందా, ఇక జీవితాంతం ప్రతి ఛాతీలోనూ దానికోసం వెతకాలనిపిస్తుంది. ఈ ధమని నూటికి ఒకరిలో, అటూ ఇటూగా, ఉంటుంది. మీ ఓపీకి రోజుకి వందమంది వస్తారు. లెక్క వేసుకోకండి.

4. మింగుడుపడకపోతే గ్యాస్ అనండి.

ఈ చిట్కాని కొంచెం నిదానంగా చెప్పాలి. ఆ నూటికొక్కరూ ఒకరోజు మీ ముందు స్టూలు మీద కూర్చుంటారు.

“ముద్ద ఇక్కడ పట్టేస్తోందయ్యా” అంటుంది పెద్దావిడ, గొంతు గుంటకి రెండు వేళ్ల కింద రొమ్ము ఎముక మీద చూపుడువేలు ఆనించి. “మంచినీళ్లు దిగుతాయి. ఇడ్లీ అయినా దిగుతుంది. రొట్టె ముక్క పెట్టుకుంటే మటుకు కళ్లమ్మట నీళ్లు.”

“ఎన్నాళ్లబట్టమ్మా?”

“చిన్నప్పట్నుంచీ కొంచెం ఉండేదయ్యా. నాకు తిండి నిదానమని మా అత్తగారు తిట్టేది కూడా. ఈ మధ్యనే మరీ ఎక్కువైంది.”

ప్రమాదం ఇక్కడే ఉంది. ‘చిన్నప్పట్నుంచీ’ అన్న మాట చెవిన పడగానే పెన్ను కదిలించాలి, లేకపోతే ఆలోచన మొదలవుతుంది. గ్యాస్ అమ్మా, పులుపూ కారం తగ్గించు, పరగడుపున ఈ గోలీ వేసుకో. నెలరోజుల తర్వాత తగ్గలేదని వస్తే గోలీ రెండు పూటలు చెయ్యండి. మూడోసారి వస్తే “ఇంట్లో ఏమన్నా టెన్షన్లా అమ్మా?” అని కోడలి వైపు చూస్తూ అడగండి. నాలుగోసారి రాదు. ఆ ధమని ఉన్న చాలామందికి జన్మంతా ఏ బాధా ఉండదన్నది మనకి బాగా కలిసొచ్చే విషయం. వయసు మీదపడి, ధమని గోడ గట్టిపడి, పుట్టిన చోట ఉబ్బితేనే కొందరికి ఇలా మొదలవుతుంది.

పాతకాలంలో డేవిడ్ బేఫర్డ్ అనే ఇంగ్లండు వైద్యుడు ఈ ఉపాయం తెలియక పని పెంచుకున్నాడు. ఏళ్ల తరబడి మింగుడుపడక చిక్కి శల్యమై పోయిన ఒక స్త్రీ శవాన్ని కోసి చూసి, దారితప్పిన ఆ ధమనిని పట్టుకుని, ప్రకృతి ఆడిన ఆట అని లాటిన్‌లో పేరు పెట్టి అచ్చు వేయించాడు. అందుకే దాన్ని ఇప్పటికీ లూసోరియా ధమని అంటారు. 1936లో కొమ్మెరెల్ అనే జర్మన్ రేడియాలజిస్టు ఇంకో అడుగు ముందుకేసి బతికున్న మనిషిలోనే బేరియం తాగించి దాన్ని కనిపెట్టాడు. ధమని మొదట్లో ఉండే ఆ ఉబ్బుకి ఆయన పేరే ఉంది. అది పెరిగితే పగలగలదు కూడా. గ్లాసెడు బేరియం మీ ఊళ్లోనూ దొరుకుతుంది. రాయకండి. రాస్తే అన్నవాహిక మీద ఏటవాలుగా నొక్కు కనబడి, ఆ రోజు మధ్యాహ్నం భోజనం ఆలస్యమవుతుంది.

5. ఎండోస్కోపీలో కొట్టుకునే బుడిపె కనిపిస్తే ముక్క తియ్యండి.

అన్నవాహిక వెనక గోడ మీద ఉబ్బు ఉంది, లయగా కొట్టుకుంటోంది. దాని వెనక ఏముందో ఆలోచిస్తే టైమ్ పోతుంది. స్కోపు నొక్కినప్పుడు కుడి మణికట్టులో నాడి మందగించిందని సిస్టర్ చెప్పబోతే “సిస్టర్, మీ పని మీరు చూసుకోండి” అనండి. బయాప్సీ ఫోర్సెప్స్ అడగండి. తర్వాత జరిగేదానికి మాత్రం ఆ గదిలో ఉండకండి.

ఇలాంటి మనిషే ఇంకో జబ్బుతో ఐసీయూలో పడితే ముక్కు గొట్టం, శ్వాస గొట్టం రెండూ వారాల తరబడి అలాగే ఉంచండి. ఒకటి అన్నవాహికలో, ఒకటి వాయునాళంలో. వెనక ఆ ధమని, దాని వెనక వెన్నెముక. నడుమ నలిగిన గోడ అరిగి అన్నవాహికలోకే దారి పడొచ్చు. అప్పుడు నోట్లోంచి వచ్చే రక్తానికి కేస్‌షీట్‌లో ‘స్ట్రెస్ అల్సర్’ అని రాస్తే ఎవరూ అడగరు.

6. సీటీ రిపోర్టు రాయకండి, దింపండి.

ప్రతి రేడియాలజిస్టు కంప్యూటర్లో ఒక టెంప్లేటు ఉంటుంది. ‘గ్రేట్ వెస్సెల్స్ అపియర్ నార్మల్’ అన్న వాక్యం అందులో పుట్టుకతోనే ఉంటుంది. మీ పని పేరు, వయసు మార్చడమే. మగవాడి రిపోర్టులో గర్భాశయం నార్మల్ అని రాకుండా చూసుకుంటే చాలు, అంతకుమించి నాణ్యత ఎవరూ ఆశించరు. ఊపిరితిత్తిలో గడ్డ కోసం తీసిన సీటీలో అన్నవాహిక వెనక గుండ్రంగా తెల్లటిది ఒకటి అడ్డంగా పోతుంటే, అడిగింది ఊపిరితిత్తి గురించే కదా అని గుర్తు చేసుకోండి. అడగని విషయం రాయడం అమర్యాద.

ఈ ఒక్క వాక్యం విలువ తక్కువ కాదు. దీని తర్వాత వచ్చే ప్రతివాడూ ‘సీటీలో నార్మల్ అని ఉంది’ అని చేతులు దులుపుకోవచ్చు. మొత్తం ఆస్పత్రికి మీరు చేసే సేవ ఇది.

7. మణికట్టు నుంచి యాంజియో చేస్తున్నప్పుడు మొండిగా ఉండండి.

ఈ రోజుల్లో యాంజియోగ్రామ్ కుడి మణికట్టు నుంచే. మామూలు మనిషిలో క్యాథెటర్ భుజం దాటి గుండె వైపు వంగుతుంది. లూసోరియా ఉన్న మనిషిలో ఎన్నిసార్లు తోసినా కింది అయోర్టాలోకే జారిపోతుంది. తెలివైనవాడు ఇక్కడ ఆగి, ఒక్క షాట్ డై కొట్టి చూసి, తొడ నుంచో ఎడమ చేతి నుంచో వెళ్లిపోతాడు. మీరు ఆగకండి. వైరు మార్చండి, క్యాథెటర్ మార్చండి, టెక్నీషియన్ని తిట్టండి. డై పెరుగుతుంది, ఎక్స్‌రే టైమ్ పెరుగుతుంది, బిల్లు కూడా పెరుగుతుంది. బయటికొచ్చి “మీవాళ్ల నరాలు బాగా మెలికలండీ, మేం కాబట్టి చేశాం” అని చెబితే బంధువులు దండం పెడతారు.

8. థైరాయిడ్ ఆపరేషన్‌లో తెల్ల తాడు కనిపిస్తే ముడి వెయ్యండి.

మెడలో కుడి స్వర నాడి మామూలుగా ఛాతీ పైదాకా దిగి, కుడి సబ్‌క్లేవియన్ కింద కొక్కెంలా తిరిగి, వాయునాళానికీ అన్నవాహికకీ నడుమ సందులో పైకొస్తుంది. లూసోరియా ఉన్నవాళ్లలో ఆ ధమని అక్కడ లేదు. తిరగడానికి కొక్కెం పట్టే చోటు లేక, నాడి వేగస్ నుంచి నేరుగా అడ్డంగా స్వరపేటికలోకి వచ్చేస్తుంది. థైరాయిడ్ పక్కనే, రక్తనాళాల మధ్యే, తెల్లగా.

సర్జన్ సందులో వెతుకుతాడు. దొరకదు. ఇంకాస్త వెతుకుతాడు. ఈలోగా పక్కనుంచి అడ్డంగా వస్తున్న తెల్ల తాడు కత్తెరకి అడ్డొస్తుంది. ఇక్కడ గ్రంథాలన్నీ ఒకే మాట అంటాయి: నాడి కంటికి కనబడేదాకా అడ్డంగా పోయే దేన్నీ తెంపొద్దు. మనం అలా కాదు. ఆపరేషన్‌కి ముందు మెడ సీటీనో అల్ట్రాసౌండో చూస్తే ధమని దారి ముందే తెలిసిపోయి, ఆపరేషన్లో థ్రిల్ పోతుంది. దారంతో రెండు ముళ్లు వేసి నడుమ కోసెయ్యండి.

పేషెంటు స్కూల్లో పంతులమ్మ అయితే మర్నాడు పొద్దున గుసగుసగా పలకరిస్తుంది. “మత్తు గొట్టం ఒరుసుకుందమ్మా, ఆరు వారాల్లో సర్దుకుంటుంది” అనండి. ఆరు వారాల తర్వాత ఆర్నెల్లనండి. అప్పటికి మత్తు డాక్టరుకీ ఆ పుకారు చేరి ఉంటుంది గనక, ఆయన పుట్టినరోజుకి మంచి పెన్ను కొనిపెట్టండి.

9. మెడకి రంధ్రం పెట్టేముందు వేలు పెట్టి చూడకండి.

ట్రాకియాస్టమీ చేసే చోట, రొమ్ము ఎముక పై గుంటలో, వేలు ఆనిస్తే కొందరిలో నాడి కొట్టుకుంటుంది. బ్రాకియోసెఫాలిక్ ధమని ఎత్తుగా పోతోందని దాని అర్థం. ఇంకొందరిలో థైరాయిడ్ కిందికి ‘ఇమా’ అనే సన్నటి ధమని వాయునాళం ముందునుంచి నేరుగా ఎక్కుతుంది. వేలు పెట్టడానికి పట్టేది క్షణం. ఆ క్షణం ఆదా చెయ్యండి. గొట్టం పెట్టిన కొన్నాళ్లకి పక్కనుంచి కొంచెం రక్తం కారితే అది లోపల ధమని ఒరుసుకుంటోందన్న హెచ్చరిక కావచ్చు. సెలైన్‌తో తుడిపించి గాజ్ మార్పించండి. పెద్ద రక్తం వచ్చేసరికి మీ డ్యూటీ అయిపోయి ఉంటుంది.

10. పిల్లికూతలన్నీ ఆస్తమాయే.

నెలల పిల్లాడు. పుట్టినప్పట్నుంచీ ఊపిరి తీస్తే చప్పుడు. పాలు తాగుతూ ఆగి ఆయాసపడతాడు. తల వెనక్కి వాల్చి పడుకుంటేనే నిద్ర పడుతుంది. ఇది రెండు అయోర్టా వంపులు వాయునాళాన్నీ అన్నవాహికనీ చుట్టూ బిగించిన ఉంగరం కావచ్చు. బోస్టన్‌లో రాబర్ట్ గ్రాస్ 1945లోనే అలాంటి ఉంగరాన్ని కోసి విడదీశాడు, అంటే మందు లేని జబ్బు కూడా కాదు. మీకెందుకు? నెబ్యులైజర్ పెట్టండి. తగ్గకపోతే డోసు పెంచండి. తగ్గకపోవడమే ఆస్తమా కాదన్న సాక్ష్యం అని మీ లోపలి మనిషి గొణిగితే, వాణ్ని కూడా నెబ్యులైజ్ చెయ్యండి. పిల్లాడు కాస్త ఎదిగాక తల్లిదండ్రులు మరీ విసిగిపోతే మృగశిర కార్తెకి నాంపల్లి చేపమందుకి పంపించండి. మింగడానికే అడ్డం ఉన్న పిల్లాడి చేత బతికున్న కొరమీను పిల్లని మింగించడం మన వృత్తిలో శిఖరం.

11. బీపీ ఒక్క చేతికే చూడండి.

కుర్రాడికి పాతికేళ్లు లేవు, బీపీ 170. రెండో చెయ్యి, కాళ్లు చూడాలంటే ప్యాంటు వదులు చెయ్యమనాలి, కర్టెన్ వెయ్యాలి, పెద్ద కఫ్ ఎక్కడుందో వెతకాలి. గజ్జల్లో నాడి పట్టుకుని మణికట్టు నాడితో పోల్చి, అది ఆలస్యంగా, బలహీనంగా కొడుతోందేమో చూడాలి. అలా చూస్తే అయోర్టా ఎడమ సబ్‌క్లేవియన్ దాటాక ఒకచోట నొక్కుకుపోయిందని దొరికిపోతుంది. ఎక్స్‌రేలో పక్కటెముకల కింది అంచు గంట్లు పడి ఉంటుంది, పక్కదారి పట్టిన రక్తం అక్కడి ధమనుల్ని ఉబ్బించి ఎముకని అరగదీసింది గనక. ఎక్స్‌రే చూసేటప్పుడు ఊపిరితిత్తుల్నే చూడండి. బీపీ గోలీ ఒకటి మొదలెట్టి, ఉప్పు తగ్గించమని చెప్పి పంపండి. కాలక్రమంలో గోలీలు నాలుగవుతాయి. అన్నట్టు, ఒకే మనిషిలో లూసోరియా కూడా ఉండి, అది ఆ నొక్కు దిగువన పుట్టి ఉంటే కుడి చేతిలో బీపీ తక్కువే కనబడుతుంది. మీరు చూసే ఒక్క చెయ్యీ కుడిదే అయితే ఆ గోలీ ఖర్చు కూడా మిగులుతుంది.

12. ఆటల సర్టిఫికెట్టు మీద ముందే సంతకం పెట్టి ఉంచండి.

పీఈటీ మాస్టారు ఒక కట్ట తెస్తారు. పరుగు మధ్యలో ఎవడైనా ఎప్పుడైనా స్పృహ తప్పాడా అని అడగకండి. అడిగితే ఒకడు చెయ్యెత్తుతాడు. ఎడమ కరోనరీ ధమని తప్పు గూడులోంచి పుట్టి అయోర్టాకీ పల్మొనరీ ధమనికీ నడుమ దూరిందేమో, పరిగెత్తినప్పుడు అక్కడ ఇబ్బంది వస్తోందేమో అని ఎకో రాయాల్సొస్తుంది. అమెరికాలో పీట్ మరావిచ్ పదేళ్లు ఎన్‌బీఏలో ఆడి, 1988లో నలభై ఏళ్లకి బాస్కెట్‌బాల్ ఆడుతూనే కూలిపోయాక శవపరీక్షలో తేలింది, ఎడమ కరోనరీ అసలు లేనే లేదని. అన్నేళ్లు ఆడాడు కదా, మనవాడు జిల్లా టోర్నమెంటు ఆడలేడా? ‘టిఫిన్ తినకుండా వచ్చి ఉంటాడు’ అని మాస్టారే అంటారు, మీకు ఆ శ్రమా లేదు.

13. చిల్లర చిట్కాలు.

టీబీ మిగిల్చిన మచ్చ నుంచి రక్తం కక్కుతున్నవాడికి బ్రాంకియల్ ధమని మూసేటప్పుడు, అదే మొదలు నుంచి హెయిర్‌పిన్‌లా వంగిన సన్నటి ధమని వెన్నుపాముకి పోతోందేమో చూడకండి. దగ్గు రక్తం ఆగుతుంది, కాళ్ల సంగతి న్యూరాలజీ వాళ్లది.

అయోర్టాకి కవర్ స్టెంట్ వేసేటప్పుడు ఎడమ సబ్‌క్లేవియన్ మూతి మూసుకుపోయినా చెయ్యికి ఏమీ కాదులెండి. ఆ మనిషికి పాత బైపాస్‌లో ఛాతీ లోపలి ధమనిని గుండెకి కలిపారేమో, అది ఆ సబ్‌క్లేవియన్ లోంచే పుడుతుందేమో అని పాత ఫైలు తెరవకండి. దుమ్ము.

14. ఆఖర్న రేర్ కేస్ రిపోర్టు వెయ్యండి.

ఇన్ని దాటుకుని వచ్చిన ఆ పెద్దావిడ ఒకరోజు మీ కాలేజీకే శరీరదానంగా వచ్చిందనుకోండి. ఫస్టియర్ పిల్ల ఒకత్తి, ఇంకా ఈ చిట్కాలు చదవనిది, అన్నవాహిక పక్కకి జరిపి “మేడమ్, ఇదేంటి?” అంటుంది. వెంటనే పిల్లని పక్కకి తప్పించి ఫోటో తియ్యండి. పక్కన స్కేలు పెట్టండి, ధమనికి ఎర్ర రంగు పూయండి. పేర్లు రాసేటప్పుడు హెచ్‌ఓడీ మొదట, ప్రమోషన్ దగ్గరపడినవారు తర్వాత, ఫోటో తీసినవారు ఆపైన. పిల్ల పేరు కృతజ్ఞతల్లో, చోటుంటే.

టైటిల్లో ‘అరుదైన’ అని తప్పక ఉండాలి. పాత ఓపీ చీటీలు, సీటీ రిపోర్టు, థైరాయిడ్ కేస్‌షీట్ తెప్పించుకోకండి; తెప్పిస్తే ఆ అరుదైనది ఎంతమంది చేతుల మీదుగా వచ్చిందో బయటపడుతుంది. చివరి పేరాలో ‘శస్త్రచికిత్సకు ముందు వైద్యులు ఈ వైవిధ్యం పట్ల అవగాహన కలిగి ఉండాలి’ అన్న వాక్యం తప్పనిసరి. దాన్ని సొంతంగా రాయాల్సిన పనిలేదు, మీ డిపార్ట్‌మెంట్ పోయినేడు వేసిన పేపర్లోనే ఉంది, దించుకోండి.